ఆరుద్ర పురుగు నూగు కనబడాలంటే: మ్యాక్రో లెన్స్ కొనేవారికి, వాడేవారికి 24 చిట్కాలు

తొలకరి పడి నేల తడిసిన రెండు మూడు రోజులకు ములకలపల్లి చుట్టుపక్కల చెలకల్లో, అడవి అంచున, ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. పిల్లలు వాటిని ఏరి అగ్గిపెట్టెలో పెట్టుకోవడం తరతరాల అలవాటు. ఇప్పుడు ఆ పిల్లల చేతుల్లో ఫోన్ ఉంది, కొన్ని ఇళ్లలో కెమెరా కూడా ఉంది. కానీ ఫొటో తీస్తే ఎర్ర చుక్క తప్ప ఏమీ తెలియదు. ఆ మెత్తని నూగు, మట్టిని తడుముకుంటూ కదిలే ఎనిమిది కాళ్లు కనబడాలంటే మ్యాక్రో లెన్స్ కావాలి. దాన్ని వాడే ఓపిక కూడా కావాలి.

పాల్వంచ నుంచి దమ్మపేట వెళ్లే దారిలో, అడవీ సాగూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగే మండలం ములకలపల్లి. టేకు, తునికి, ఇప్ప చెట్లు ఒకపక్క. పత్తి, మొక్కజొన్న, మిరప, పామాయిల్ మరోపక్క. మ్యాక్రో ఫొటోలకు ఇంతకన్నా మంచి చోటు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. ముందుగా ఒక్క మాట: డబ్బు, శ్రద్ధ మొదట వెలుతురు మీద, చేతి నిలకడ మీద పెట్టండి. లెన్స్ ఖరీదు ఆ తర్వాతి సంగతి.

కొనే ముందు

1. తీయబోయేది ఎంత ఉందో ముందు కొలవండి.
తంగేడు పువ్వు నాలుగైదు సెంటీమీటర్లు. బాగా ఎదిగిన ఆరుద్ర పురుగు దాదాపు ఒక సెంటీమీటరు. పామాయిల్ పూగెలల మీద తిరుగుతూ పుప్పొడి మోసే చిన్న ముక్కుపురుగు 3-4 మిల్లీమీటర్లు. మిరప పువ్వులో దూరే నల్ల తామర పురుగు ఒక్క మిల్లీమీటరు. పూలు, సీతాకోకచిలుకలు చాలనుకునేవారికి 1:2 లెన్స్ (ఈ నిష్పత్తుల లెక్క తర్వాతి చిట్కాలో ఉంది) సరిపోతుంది. ఆరుద్ర పురుగుకు 1:1 కావాలి. తామర పురుగుకు 2:1 ఉన్నా కొంచెమే అనిపిస్తుంది. మీ అవసరం ఏదో తేలితే సగం డబ్బు మిగిలినట్టే.

2. 1:1 లెక్క అర్థం చేసుకోండి.
పురుగు అసలు సైజు ఎంతో, కెమెరా సెన్సర్ మీద పడే దాని బొమ్మ కూడా అంతే ఉంటే అది 1:1. బొమ్మ సగమే ఉంటే 1:2, రెట్టింపు ఉంటే 2:1. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. వెడల్పు. అంటే 36 మి.మీ. వెడల్పున్న వస్తువు ఫ్రేమంతా నిండుతుంది. మామూలు ఏపీఎస్-సీ కెమెరాల్లో సెన్సర్ 22 నుంచి 24 మి.మీ. మాత్రమే కాబట్టి అదే లెన్స్‌తో పురుగు ఇంకా పెద్దగా కనబడుతుంది. ఒక మిల్లీమీటరు తామర పురుగు 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరాలో 1:1 దగ్గర సుమారు 250 పిక్సెల్స్ పొడవు వస్తుంది. చూసి పోల్చుకోవడానికి చాలు, గోడకు పెట్టుకునే ఫొటోకు చాలదు. మ్యాక్రో మొదలుపెట్టేవారికి చిన్న సెన్సర్ కెమెరా లోటు కాదు, ఒకరకంగా వరం.

3. జూమ్ లెన్స్ మీద "మ్యాక్రో" అని రాసి ఉందని మోసపోకండి.
చాలా జూమ్ లెన్సుల మీద ఆ మాట ఉంటుంది. చూస్తే అవి 1:4 దాకా, మహా అయితే 1:2 దాకా వెళ్తాయి. పెట్టె మీద పేరు చూడకండి, నిష్పత్తి చూడండి. ఇంకో సంగతి, నికాన్ తన మ్యాక్రో లెన్సులను "మైక్రో" అని పిలుస్తుంది. పేరు వేరైనా పని అదే.

4. ఎన్ని ఎం.ఎం. తీసుకోవాలో మీ వస్తువును అడగండి.
35 నుంచి 60 ఎం.ఎం. లెన్సులు పూలకు, నాణేలకు, నగలకు, కాగితాలకు బాగుంటాయి. తేలికగా, చవకగా ఉంటాయి. 90 నుంచి 105 ఎం.ఎం. పూలకూ పురుగులకూ రెండింటికీ పనికొచ్చేది. ఒకే లెన్స్ కొనగలిగినవారు ఇదే తీసుకోవాలి. 150 నుంచి 200 ఎం.ఎం. తూనీగలకు, బెదిరే సీతాకోకచిలుకలకు, దగ్గరికి పోకూడని తేళ్లకు మంచివి. కాకపోతే బరువు, ధర రెండూ ఎక్కువ.

5. లెన్స్ కొసకీ పురుగుకీ మధ్య ఎంత జాగా మిగులుతుందో చూడండి.
కంపెనీలు చెప్పే "కనీస ఫోకస్ దూరం" లెన్స్ కొస నుంచి కాదు, సెన్సర్ నుంచి కొలిచింది. అందులో లెన్స్ పొడవు, కెమెరా మందం తీసేస్తే మిగిలేదే మీకూ పురుగుకూ మధ్య దూరం. కెనాన్ 100 ఎం.ఎం. ఎల్ మ్యాక్రోకు కనీస ఫోకస్ దూరం 30 సెం.మీ. అని చెబుతారు. 1:1 దగ్గర కొస ముందు మిగిలేది 13-14 సెం.మీ. నికాన్ 40 ఎం.ఎం. మైక్రోకు మిగిలేది మూడు నాలుగు సెంటీమీటర్లే. అంత దగ్గరికి వెళ్తే లెన్స్ నీడ పురుగు మీద పడుతుంది, మిడత ఎగిరిపోతుంది.

6. పాత లెన్స్ కొంటే టార్చి పట్టుకుని వెళ్లండి.
మ్యాక్రో లెన్సులు చాలా ఏళ్లు పనిచేస్తాయి, సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి జంకనక్కర్లేదు. ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది బూజు, వదిలేయండి. అపర్చర్ (లెన్స్‌లో కాంతి వెళ్లే రంధ్రం) రేకుల మీద నూనె మరక ఉండకూడదు. ఫోకస్ రింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి, ఎక్కడా పట్టేయకూడదు, ఊగకూడదు. ఏ తరం లెన్సో కూడా అడగండి. ఉదాహరణకు టామ్రాన్ 90 ఎం.ఎం. మ్యాక్రో 1979 నుంచి ఉంది. ఎఫ్/2.5 అని రాసి ఉన్న పాత తరం లెన్సులు 1:2 వరకే వెళ్తాయి. కుదిరితే ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని వాడి చూడండి. హైదరాబాద్‌లో లెన్సులు రోజు అద్దెకు దొరుకుతాయి.

7. ఉన్న లెన్స్‌తోనే దగ్గరికి వెళ్లే మూడు దారులున్నాయి.
మొదటిది, ముందు తగిలించే క్లోజప్ లెన్స్. రేనాక్స్ డీసీఆర్-250 లాంటిది క్లిప్పులా పట్టుకుంటుంది. పొడవు జూమ్ లెన్స్ ముందు బాగా పనిచేస్తుంది. రెండోది, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. ఇవి కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు. లోపల గాజు ఉండదు. 50 ఎం.ఎం. లెన్స్‌కు మొత్తం 50 మి.మీ. ట్యూబులు పెడితే దాదాపు 1:1 వస్తుంది. విద్యుత్ కాంటాక్టులు ఉన్నవే కొనండి, లేనివాటితో చాలా కొత్త లెన్సుల్లో అపర్చర్ మార్చడం కుదరదు. మూడోది, 50 ఎం.ఎం. లెన్స్‌ను రివర్స్ రింగుతో తిరగేసి బిగించడం. అన్నిటికన్నా చవకైనది ఇదే. అపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ దీనికి సరైన జోడీ. బయటికి తెరుచుకుని ఉండే వెనుక గాజుకు దెబ్బ తగలకుండా చూసుకోండి.

8. ఫోనే ఉంటే ఫోన్‌తోనే మొదలుపెట్టండి.
2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెం.మీ. దూరం నుంచి ఫోకస్ చేయగలిగింది. ఆ తర్వాత చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరాతో ఇలాంటి మ్యాక్రో మోడ్ వచ్చింది. చవక ఫోన్లలో విడిగా ఉండే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరాను నమ్ముకోకండి. దానికన్నా ప్రధాన కెమెరాతో కొంచెం దూరం నుంచి తీసి కత్తిరించుకుంటే నయం. లేదా ప్రధాన కెమెరాకు మంచి క్లిప్ లెన్స్ పెట్టండి. తీసేముందు కెమెరా గాజు మీద వేలిముద్రలు తుడవడం మరవొద్దు.

తీసేటప్పుడు

9. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండండి.
ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్/2.8 పెడితే స్పష్టంగా కనబడే మందం మిల్లీమీటరులో మూడో వంతు. ఎఫ్/8 పెడితే ఒక మిల్లీమీటరు. ఎఫ్/16 పెడితే సుమారు రెండు. అలాగని ఎఫ్/22, ఎఫ్/32కు పోతే డిఫ్రాక్షన్ వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది. చిన్న రంధ్రంలోంచి వెళ్లే కాంతి అంచుల దగ్గర చెదిరిపోవడమే దానికి కారణం. పెద్ద అపర్చర్‌తో వెనక మసక అందంగా వస్తుంది కానీ కన్ను కనబడితే కాలు కనబడదు.

10. దగ్గరికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గుతుందని గుర్తుంచుకోండి.
1:1 దగ్గర లెన్స్ మీద ఎఫ్/11 ఉన్నా సెన్సర్‌కు అందేది ఎఫ్/22 అంత కాంతే. రెండు స్టాపుల నష్టం (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది). ఎంత దగ్గరికెళ్తే అంత నష్టం. కొన్ని కెమెరాలు ఈ తేడాను తెర మీద చూపిస్తాయి, కొన్ని చూపించవు. కొత్తగా తీసేవారి ఫొటోలు చీకటిగా రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం, లెన్స్ లోపం కాదు.

11. ఫోకస్ రింగు కాదు, మీరు కదలండి.
ఆటో ఫోకస్ ఆపేయండి. ఎంత పెద్దగా కావాలో అక్కడ రింగు బిగించండి. తర్వాత శ్వాస నెమ్మదించి, ఒళ్లు వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుతూ, కన్ను స్పష్టమైన క్షణంలో మీట నొక్కండి. ఒకటి తీసి ఆగకండి, పది పదిహేను తీయండి. అందులో ఒకటి కుదురుతుంది. కన్ను స్పష్టంగా ఉంటే తక్కిన తప్పులన్నీ మాఫీ.

12. పురుగు పొడవుకు కెమెరాను సమాంతరంగా పట్టండి.
సీతాకోకచిలుక రెక్కలు మూసి కూర్చుంటే పక్క నుంచి, విప్పి కూర్చుంటే పైనుంచి తీయండి. తూనీగను నిటారుగా పక్క నుంచి తీయండి. మీకున్న ఒక మిల్లీమీటరు స్పష్టత దాని ఒంటి పొడవునా పరుచుకుంటుంది. ఐమూలగా పట్టుకుంటే తల ఉంటే తోక ఉండదు.

13. పెసల సంచి, వెదురు కర్ర ఇంట్లోనే ఉన్నాయి.
పాత చీర గుడ్డతో జానెడు సంచి కుట్టి, ముప్పావు వంతు పెసలు నింపి నేల మీద పెట్టండి. దాని మీద లెన్స్ ఆనిస్తే నేలబారు పురుగులకు ట్రైపాడ్ కన్నా నయం. నిలబడి తీసేటప్పుడు భుజమెత్తు వెదురు కర్రను, లెన్స్‌ను ఒకే చేత్తో కలిపి పట్టుకోండి. వణుకు సగం తగ్గుతుంది. లెన్స్‌లో ఉండే వణుకు నివారణ 1:1 దగ్గర అంతగా సాయపడదు. ఎందుకంటే ఇక్కడ కెమెరా వంగడమే కాదు, పక్కకు జరిగినా ఫొటో చెదురుతుంది. 2009లో వచ్చిన కెనాన్ 100 ఎం.ఎం. ఎల్ ఆ పక్క కదలికను కూడా సరిదిద్దే ఏర్పాటుతో వచ్చింది. అయినా కర్రకు సాటి రాదు.

14. పొద్దున్నే వెళ్లండి.
పురుగులు తమ ఒంటి వేడిని ఎండ నుంచి తెచ్చుకుంటాయి. చలికాలం తెల్లవారుజామున అవి కదలలేక గడ్డిపోచల మీదే ఉంటాయి. తూనీగ రెక్కల మీద మంచు ముత్యాలు అప్పుడే దొరుకుతాయి. ఎనిమిదిన్నర దాటితే ఒళ్లు వేడెక్కి ఎగిరిపోతాయి. మధ్యాహ్నం తీయక తప్పకపోతే ఇద్దరు పట్టుకుని తెల్ల పంచె అడ్డం పెట్టండి. పంచె వడకట్టిన ఎండ మబ్బు వెలుతురులా మెత్తగా ఉంటుంది. వానాకాలపు మబ్బు రోజులైతే ఏ అడ్డమూ అక్కర్లేదు.

15. ఫ్లాష్ వాడితే కాంతిని మెత్తబరిచే డిఫ్యూజర్ తప్పనిసరి.
ఉత్త ఫ్లాష్ పెంకుపురుగు వీపు మీద తెల్లటి మచ్చ పెడుతుంది. తెల్ల ఐస్‌క్రీమ్ డబ్బా అడుగు కోసి, లోపల బటర్ పేపర్ రెండు మడతలు అంటించి ఫ్లాష్ ముందు కట్టండి. కాంతి వచ్చే తెర ఎంత పెద్దదై పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంత మెత్తగా పడతాయి. అందుకే డబ్బా లెన్స్ కొస దాకా రావాలి. మొదలుపెట్టడానికి ఈ లెక్క రాసిపెట్టుకోండి: మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ శక్తి 1/16. చీకటిగా వస్తే ఫ్లాష్ పెంచండి, మరీ తెల్లగా వస్తే తగ్గించండి. తక్కువ శక్తిలో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే కాబట్టి చేతి వణుకు కూడా ఫొటోలో పడదు.

16. వెనక ఏముందో కూడా చూడండి.
ఫ్లాష్ వెలుగు వెనకదాకా అందక చాలా ఫొటోల్లో వెనకంతా నల్లగా వస్తుంది, పగలు తీసినా రాత్రిలా కనబడుతుంది. పురుగు వెనక జానెడు దూరంలో ఒక రాలిన టేకు ఆకు పట్టుకుంటే చాలు, ఆ రంగు వెనక పరుచుకుంటుంది. నీడవైపు వెలుతురు కావాలంటే అట్టకు వంటింటి అల్యూమినియం కాగితం అంటించి ఎండను అటు మళ్లించండి.

17. ఒకటి చాలకపోతే పది ఫొటోలు కలపండి.
కదలని వాటికి, అంటే పుట్టగొడుగులు, పూలు, గింజలు, చలికి ముడుచుకున్న పురుగులకు, ఫోకస్ కొంచెం కొంచెంగా జరుపుతూ పది నుంచి ముప్పై ఫొటోలు తీయండి. తర్వాత కంప్యూటర్‌లో కలిపితే తల నుంచి తోక దాకా స్పష్టంగా వస్తుంది. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఇప్పటి చాలా కెమెరాలు ఆ వరసను తామే తీసిపెడతాయి. గాలి లేని వేళ చూసుకోండి.

18. పంట పురుగును మూడు ఫొటోల్లో పట్టుకోండి.
మ్యాక్రో లెన్స్ రైతు ఇంట్లో ఉండదగ్గ పనిముట్టు. 2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగును మొక్కజొన్న ఆకు సుడిలో చూసి ఏదో లద్దె పురుగు అనుకుని వదిలేసినవారు ఎందరో. దగ్గరి నుంచి తీస్తే తల మీద తిరగేసిన ఇంగ్లిష్ వై ఆకారం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు తెలుస్తాయి. 2021లో ఖమ్మం, మహబూబాబాద్, గుంటూరు మిరప తోటలను ముంచిన నల్ల తామర పురుగు పువ్వుల్లో గుంపులుగా ఉన్నా ఉత్త కంటికి నల్లటి నలకలే. మొదటి ఫొటో మొక్క మొత్తం, రెండోది ఆకు లేదా పువ్వు, ఆకు అడుగుభాగం కూడా, మూడోది పురుగు. పక్కన చిన్న స్కేలు పెట్టండి. వాటిని రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారికి చూపండి. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల దగ్గరలోనే ఉంది. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. ఫొటో చూసి సొంతంగా మందు కొట్టకండి. తామర పురుగుల్లో ఏ రకమో తేల్చడానికి సూక్ష్మదర్శిని కావాలి.

19. పాత కాగితాలకూ ఇదే లెన్స్.
నికాన్ 1956లో తెచ్చిన మొదటి మైక్రో లెన్స్ పురుగుల కోసం పుట్టలేదు. జపాన్ లిపిలోని సన్నని గీతలను మైక్రోఫిల్మ్ మీదికి చెదరకుండా ఎక్కించడం కోసం పుట్టింది. మ్యాక్రో లెన్సులు బల్లపరుపు వస్తువును అంచుల దాకా ఒకేలా చూపుతాయి. పాత పట్టా కాగితాలు, తాతల నాటి ఫొటోలు, ఉత్తరాలు కిటికీ పక్కన పరిచి, కెమెరాను సరిగ్గా పైన సమాంతరంగా పెట్టి తీయండి. చెదలు తినకముందే ఈ పని చేయండి.

20. కార్తెను బట్టి బయల్దేరండి.
మాఘ, ఫాల్గుణాల్లో మోదుగుపూలు. మార్చి, ఏప్రిల్‌లో నేల రాలే ఇప్పపువ్వు, దాని చుట్టూ చీమలు. ఎండాకాలం తునికాకు కోత వేళ ఆకు ఈనెలు, గూళ్లు కట్టే ఎర్రచీమలు. జూన్ మూడో వారం దాటాక ఆరుద్ర పురుగులు. వానల్లో పుట్టగొడుగులు, నత్తలు. బతుకమ్మ వేళకు తంగేడు, గునుగు, వాటి మీద సీతాకోకచిలుకలు. చలికాలం మంచు. ఏ పురుగు ఏ చెట్టు దగ్గర ఉంటుందో పుస్తకం కన్నా తునికాకు కోసే కోయ అమ్మలకు, పెద్దలకు బాగా తెలుసు. మర్యాదగా అడగండి, చెప్పింది వినండి, తీసిన ఫొటో ముందు వాళ్లకే చూపండి.

21. అడవిలో అడుగుపెట్టేముందు అనుమతి, ఒంటికి రక్షణ.
పాల్వంచ దగ్గరి కిన్నెరసాని 1977లో ప్రకటించిన అభయారణ్యం. అక్కడా, రిజర్వు అడవిలోనూ అటవీ శాఖ అనుమతి లేకుండా తిరగకండి. ఒంటరిగా పోవద్దు. చీలమండలు దాటే బూట్లు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మోకాళ్లూనే ముందు కర్రతో ఆకులు కదపండి, కింద పాము, తేలు ఉండొచ్చు. దూలగొండి తీగ కాయల జోలికి పోకండి, దాని నూగు తగిలితే దురద ఆగదు. పెద్ద తేనెపట్టు దగ్గర ఫ్లాష్ కొట్టకండి. దోమలు ఎక్కువున్న ఏజెన్సీ ప్రాంతం కాబట్టి సాయంత్రాలు మరింత జాగ్రత్త.

22. పురుగు బతికి ఉండాలి, దాని చోటు గుట్టుగా ఉండాలి.
కదలకుండా ఉంటుందని పురుగును ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అంటించడం వద్దు. సీతాకోకచిలుక రెక్క పట్టుకోవద్దు. గూడు కనబడాలని కొమ్మ విరవొద్దు. అరుదైన జీవి దొరికితే ఊరు, చెట్టు పేరు బయటపెట్టకండి. అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన నీలి సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశారు. తర్వాత వందేళ్లు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. అడవి తరిగిపోవడం, పెంపకానికి పట్టి అమ్ముకోవడం దాన్ని అంతరించే అంచుకు తెచ్చాయి. మన ఫొటో అలాంటి వేటకు దారి చూపకూడదు.

ఇంట్లో దాచేటప్పుడు

23. వానాకాలం లెన్స్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టండి.
గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే గాజు మీద బూజు పడుతుంది. రబ్బరు అంచు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. రంగు మారే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే తేమ పీల్చేసిందని అర్థం, వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో దాచే అలవాటు మానండి, తవుడు దుమ్ము లెన్స్‌లో చేరుతుంది. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది, అందులో అసలే వద్దు. అన్నిటికన్నా మంచి మందు వారానికోసారి లెన్స్ బయటికి తీసి వాడటం.

24. తుడవడానికి కొంగు, చొక్కా వాడకండి.
ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. తర్వాత మెత్తని బ్రష్. చివరగా అవసరమైతేనే మైక్రోఫైబర్ గుడ్డ. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. ఏసీ కారులోంచి తడి గాలిలోకి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటుపడ్డాక తీయండి. దుమ్ము రేగే చెలక మధ్యలో లెన్స్ మార్చకండి.

చివరిగా, ఆరుద్ర పురుగు దగ్గరికే వద్దాం. ఏడాదిలో ఎక్కువ కాలం అది మట్టి లోపలే ఉంటుంది. చెదలను తిని, జత కట్టడానికి వానలు పడ్డాక కొద్ది రోజులు మాత్రమే పైకి వస్తుంది. ఆ కొద్ది రోజులూ అగ్గిపెట్టెలో గడిస్తే మరుసటి ఏడు అక్కడ దాని సంతానం ఉండదు. ఈసారి తొలకరికి పిల్లలను చెలకలోకి తీసుకెళ్లండి. పెసల సంచి నేల మీద వేసి, వాళ్లనే బోర్లా పడుకోబెట్టి, లెన్స్‌లోంచి ఆ ఎర్రటి నూగును చూడనివ్వండి. ఒక ఫొటో తీయించండి. తర్వాత పురుగును ఉన్నచోటే, తడి మట్టి మీదే వదిలేసి ఇంటికి రండి.